లేజర్ టేపు: కొలతలు సరే, కళ్ల మాటేంటి?

హైదరాబాద్‌లో మియాపూర్, నార్సింగి వైపు కొత్త ఫ్లాట్లకు వార్డ్‌రోబ్‌లు, కిచెన్లు చేసే పని మాది. స్టీల్ టేపు వదిలి, గోడ మీద ఎర్ర చుక్క వేసి దూరం చెప్పే, అరచేతిలో ఇమిడే లేజర్ మీటర్‌కు మారి కొన్నేళ్లయింది. 40 మీటర్ల రేంజ్, తేడా 2 మిల్లీమీటర్లలోపే. ఒక్కడినే వెళ్లి ఫ్లాట్ మొత్తం కొలుచుకుని వస్తున్నాను. సూతుల్లో (అంగుళంలో ఎనిమిదో వంతు) లెక్కలేసే మా కార్పెంటర్లకు మాత్రం ఇప్పటికీ టేపు పట్టి చూపిస్తేనే నమ్మకం.

కొలతల గురించి పెద్దగా ఫిర్యాదుల్లేవు. బాల్కనీ ఎండలో చుక్క కనిపించదు. గాజు తలుపు మీద కొడితే ఒక్కోసారి దాన్ని దాటి అవతలి గోడను కొలుస్తుంది. అట్టముక్క అడ్డం పెడితే సరి.

ఇక కళ్ల సంగతి. ఇది క్లాస్ 2 లేజర్, అంటే 1 మిల్లీవాట్ లోపు. పొరపాటున కంట్లో పడినా పావు సెకనులో రెప్ప దానంతటదే మూసుకుంటుంది, ఆ లెక్క మీదే దీన్ని సేఫ్ అంటారు. కావాలని రెప్ప వేయకుండా చూస్తే ఆ లెక్క తప్పుతుంది. పెద్దవాళ్లు అలా చూడరు. పిల్లలు చూస్తారు! కొలుస్తుంటే చుట్టూ మూగి "అంకుల్, ఒక్కసారి ఇవ్వండి" అంటారు. నేను ఇవ్వను. ఎర్ర చుక్క వెంట పిల్లి పరుగెత్తే వీడియోలు చూసి అడిగే పెద్దవాళ్లకూ ఇవ్వను.

పెయింట్ వేసిన గోడతో పేచీ లేదు, అది కాంతిని అన్ని వైపులకూ చెదరగొడుతుంది. తంటా అంతా మెరిసేవాటితోనే. మొన్న ఒక ఇంట్లో బెడ్‌రూమ్ వెడల్పు కొలుస్తుంటే గోడ మీద చుక్క కనిపించలేదు. వెతికితే వార్డ్‌రోబ్ అద్దానికి తగిలి, వెనక మంచం మీద కూర్చున్న పెద్దావిడ జాకెట్ చేతి మీద పడుతోంది. ఇంకో జానెడు పైకైతే కళ్లే. అప్పటి నుంచి గదిలోకి వెళ్లగానే అద్దం మీద పాత దుప్పటి వేస్తున్నాను. కంటిన్యువస్ మోడ్ కూడా దాదాపు మానేశాను. అందులో లేజర్ వెలుగుతూనే ఉంటుంది, మాట్లాడుతూ చెయ్యి తిప్పితే ఎవరి ముఖం మీద పడుతుందో తెలియదు.

గోడ మీద తిన్నని లేజర్ గీత వేసే లేజర్ లెవెల్స్‌తో ఎర్ర కళ్లజోడు వస్తుంది చూడండి, దాని మీద చాలామందికి అపోహ ఉంది. మా హెల్పర్ అడిగాడు: "అన్నా, ఇది పెట్టుకుంటే లేజర్‌లోకి చూసినా ఏం కాదు కదా?" అవుతుంది. అది గీత బాగా కనపడటానికి ఇచ్చింది. ఎర్ర అద్దం మిగతా వెలుతురును ఆపి ఎరుపును లోపలికి వదులుతుంది. ఎర్ర లేజర్ నుంచి దానితో రక్షణ ఎక్కడిది?

అదే కుర్రాడు ఫుట్‌పాత్ మీద ఒక గ్రీన్ పాయింటర్ కొనుక్కొచ్చాడు. స్టిక్కర్ మీద 5 మిల్లీవాట్లు అని ఉంది, లోపల ఎంతుందో దేవుడికే తెలియాలి. 532 నానోమీటర్ల (కాంతి రంగును చెప్పే తరంగదైర్ఘ్యం) చౌక గ్రీన్ పాయింటర్లలో ముందు పుట్టేది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. దాన్ని స్ఫటికాలతో గ్రీన్‌గా మారుస్తారు. మిగిలిన ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ పెట్టకపోతే అదీ బయటికొస్తుంది. కనిపించని దానికి రెప్ప వేయం కదా! 2010లో అమెరికాలో కొలతల ప్రమాణాలు చూసే నిస్ట్ సంస్థ ఇలాంటి పాయింటర్ ఒకదాన్ని పరీక్షిస్తే, గ్రీన్ కంటే ఇన్‌ఫ్రారెడే ఎక్కువగా వస్తోందని తేలింది. కంటి వెనక ఉండే రెటీనా పొరకు నొప్పి తెలియదు కాబట్టి దెబ్బ తగిలినా మంట పుట్టదు. చూపులో మచ్చ మిగిలితే చుక్కల మందు వేసుకుని కూర్చోకుండా రెటీనా డాక్టర్‌కు చూపించుకోవాలి. ఆ పాయింటర్‌ను సైట్‌లోకి తేనివ్వడం లేదు.

మీటర్‌కు నా మార్కులు ఐదుకు నాలుగున్నర. ఆ అర మార్కు ఎండకు. కొనేవాళ్లు వెనక పసుపు స్టిక్కర్ చూడండి: క్లాస్, మిల్లీవాట్లు, నానోమీటర్లు మూడూ రాసి ఉండాలి. అవి లేనిదాన్ని సగం ధరకిచ్చినా నేను తీసుకోను.