సొంత బీరు రెసిపీ నేర్చుకోవడానికి ఏ దారి మేలు?

కిట్‌తోనో, ఎవరో ఇచ్చిన రెసిపీతోనో రెండు మూడు బ్యాచ్‌లు కాచాక, ఈసారి నా సొంత బీరు కాయాలి అనిపించడం సహజం. అందుకు మూడు దారులున్నాయి. తెల్లకాగితం ముందేసుకుని మొదటి నుంచీ రాసుకోవడం ఒకటి. బాగా కుదిరిన రెసిపీలో ఏదో ఒక్కటి మార్చి చూడటం ఇంకొకటి. మూడోది ఒకే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), ఒకే రకం హాప్స్‌ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు)తో చిన్న బ్యాచ్‌లు కాచడం. దీన్ని హోంబ్రూ చేసేవాళ్లు స్మాష్ అంటారు. మూడూ చేసి చూశాను. కొత్తవాళ్లకు మూడోదే మేలని నా గట్టి నమ్మకం.

తెల్లకాగితం మీద ఆశ ఎక్కువ ఉంటుంది. రెసిపీ సాఫ్ట్‌వేర్‌లో మాల్టులు వేసుకుంటూ పోతే గ్రావిటీ (చక్కెర వల్ల వచ్చే సాంద్రత), చేదు, రంగు అన్నీ అంకెల్లో కనిపిస్తాయి. నా మొదటి సొంత రెసిపీలో ఐదు మాల్టులు, మూడు రకాల హాప్స్, మొత్తం 20 లీటర్లు. లెక్కలన్నీ సరిపోయాయి, బీరూ పాడవలేదు. కానీ రుచి కలగాపులగం. గుటక వేశాక నాలుక వెనక ఒక మొరటు చేదు మిగిలేది. అది నల్లగా వేయించిన చాక్లెట్ మాల్ట్‌దా, గంటసేపు మరిగిన హాప్స్‌దా అంటే చెప్పలేకపోయాను. సీసాలన్నీ ఖాళీ అయ్యాయి, ఆ చేదు ఎక్కడిదో మాత్రం అంతుపట్టలేదు. అంకెలు చేదు ఎంతో చెబుతాయి, ఎలాంటి చేదో చెప్పవు.

ఉన్న రెసిపీని మార్చడం ఇంతకంటే చాలా నయం. పునాది గట్టిదని ముందే తెలుసు కాబట్టి, తేడా వస్తే మార్చిన ఆ ఒక్కదాని వల్లే. మాల్ట్‌ను నానబెట్టే వేడి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే పులిసే చక్కెరలు ఎక్కువ తయారై బీరు పల్చగా, తీపి తక్కువగా వస్తుంది. 68 దగ్గర ఉంచితే నోట్లో నిండుగా ఉంటుంది. ఈస్ట్ మారిస్తే తేడా ఇంకా పెద్దది. అదే వోర్ట్‌లో (మాల్ట్ నానబెట్టి తీసిన తీపి నీళ్లలో) బవేరియన్ గోధుమ బీరు ఈస్ట్ వేస్తే అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి. ఒక బీరు మీకు బాగా నచ్చి, కాస్త చేదు తగ్గితే చాలు అనుకుంటే ఈ దారే పట్టండి. దీనిలో లోటల్లా ఒకటే. మిగతా సరుకులు ఎందుకున్నాయో, అవి లేకపోతే ఏమయ్యేదో తెలియకుండానే ఉండిపోతుంది.

ఇక ఒకే మాల్ట్, ఒకే హాప్స్. ఇది కొత్తవాళ్ల కోసం పుట్టించిన చిట్కా అనుకోవద్దు. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్ల్జెన్ ఊళ్లో పుట్టిన పిల్స్‌నర్ బీరు కూడా లేత రంగు మాల్ట్, సాజ్ హాప్స్‌తో చేసిందే.

లెక్క కూడా చేత్తో వేసుకోవచ్చు. 5 లీటర్ల బీరుకు 1.1 కిలోల పేల్ (లేత రంగు) మాల్ట్ తీసుకోండి. అందులోని చక్కెరలో 70 శాతం నీళ్లలోకి దిగితే గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ 1.046 దగ్గర నిలుస్తుంది. పులిశాక 1.011కి దిగిందనుకోండి, తేడాను 131తో గుణిస్తే ఆల్కహాల్ సుమారు 4.6 శాతం. చేదునిచ్చే ఆల్ఫా యాసిడ్ 6 శాతం ఉన్న హాప్స్ 10 గ్రాములు 60 నిమిషాలు మరిగితే చేదు 30 ఐబీయూకి (చేదు కొలిచే యూనిట్‌కి) దగ్గరగా వస్తుంది. ఆల్ఫా ఎంతో ప్యాకెట్ మీదే ఉంటుంది.

తూచే ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమలండి. పేల్ మాల్ట్ బిస్కెట్‌లా కరకరలాడుతూ కొద్దిగా తీపిగా ఉంటుంది. పక్కనే క్రిస్టల్ మాల్ట్ నమిలితే కాల్చిన పంచదార రుచి తగులుతుంది. ఈ రుచి నాలుకకు అలవాటైతే, రెసిపీలో ఆ పేరు చూడగానే బీరులో ఏం వస్తుందో ఊహకు అందుతుంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది మాత్రం వోర్ట్‌ను మరిగించే ముందే రెండు గిన్నెల్లోకి పంచడం. ఒక దాంట్లో 6 శాతం ఆల్ఫా ఉన్న క్యాస్కేడ్ రకం హాప్స్ 5 గ్రాములు, రెండో దాంట్లో 3 శాతం ఉన్న సాజ్ 10 గ్రాములు వేశాను. చేదు సమానంగా ఉండాలని ఆ తూకం. వాసన కోసం దించే ముందు రెండింట్లోనూ 3 గ్రాముల చొప్పున మళ్లీ వేశాను. ఈస్ట్ ఒకటే, పులిసిన గదీ ఒకటే. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి వాసన చూస్తే ఒక దాంట్లో నిమ్మజాతి పండు తొక్క, రెండో దాంట్లో పచ్చి మూలికలు. నెల కిందట తాగిన బీరును గుర్తు తెచ్చుకుని పోల్చడం ఎవరి తరమూ కాదు. ఇక్కడ ఆ ఇబ్బందే లేదు.

కష్టాలూ ఉన్నాయి. 5 లీటర్లకూ దాదాపు 20 లీటర్లకు పట్టినంత సమయమే పడుతుంది. గిన్నెలు కడగడం, శానిటైజ్ చేయడం ఏమాత్రం తగ్గవు. స్టౌట్ తాగాలనుంటే స్మాష్ పనికిరాదు, ఆ నలుపుకూ కాఫీ రుచికీ వేయించిన బార్లీ పడాల్సిందే. మరో మాట, ఏ దారి పట్టినా మీరున్న చోట ఇంట్లో బీరు కాయడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

నాలుగైదు స్మాష్‌లు అయ్యాక రెండో దారికి రండి, మీ బీరునే మార్చండి. నేను ఇప్పుడు చేస్తున్నది అదే. 1.1 కిలోల మాల్ట్‌లో 110 గ్రాములు తీసేసి అంతే క్రిస్టల్ వేశాను, మిగతాదంతా పాత లెక్కే. సీసాల్లో నింపి వారమైంది. పాత బ్యాచ్‌వి రెండు సీసాలు దాచి ఉంచాను, ఇంకో వారానికి పక్కపక్కన పెట్టి తాగి చూడాలి.