స్టీమ్ ఫ్యామిలీస్: ఇల్లు ఒకటే, కాపీలు ఎన్ని కొనాలి?

ఇంట్లో రెండు పీసీలు, ఇద్దరు ముగ్గురు ఆడేవాళ్లు ఉంటే, పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొన్నవి ఇంట్లోవాళ్లు పంచుకునే స్టీమ్ ఫ్యామిలీస్ పెట్టుకోవాల్సిందే, పైసా ఖర్చు లేదు. కానీ అందరూ కలిసి ఒకే గేమ్ ఆడాలంటే మాత్రం అది చేతులెత్తేస్తుంది.

ఇది అందరికీ వచ్చిన 2024 సెప్టెంబరుకి ముందు, పాత షేరింగ్‌లో అన్న ఏదో ఒక గేమ్ తెరిస్తే చాలు, అతని లైబ్రరీ మొత్తం చెల్లికి మూతపడేది. ఇప్పుడు ఆ బెడద లేదు. అన్న ఒకటి ఆడుతుంటే అతను కొన్న ఇంకోటి చెల్లి ఆడుకోవచ్చు, సేవ్‌లు ఎవరివి వాళ్లవే. అకౌంట్ డీటెయిల్స్‌లో ఫ్యామిలీ మేనేజ్‌మెంట్ తెరిచి మీతో కలిపి ఆరుగురి దాకా ఉండొచ్చు. పిల్లలను చైల్డ్‌గానే చేర్చండి, ఆట సమయానికి హద్దు పెట్టొచ్చు.

చేర్చేముందు ఆలోచించండి. పెద్దవాళ్లు బయటికొస్తే, చేరిన రోజు నుంచి ఏడాది నిండేదాకా ఇంకో ఫ్యామిలీలో చేరలేరు. మీ కాపీతో ఎవరైనా చీటింగ్ చేసి బ్యాన్ అయితే ఆ గేమ్‌లో మీకూ బ్యాన్ పడుతుంది. పక్క ఫ్లాట్ కుర్రాడికి చోటిచ్చేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. పైగా ఇది ఒకే ఇంట్లో ఉండేవాళ్ల కోసం పెట్టింది.

అసలు చిక్కు ఇక్కడ: ఒక కాపీ, ఒక సమయంలో ఒక్కరికే. ఇద్దరు కలిసి ఆడాలంటే రెండో కాపీ పూర్తి ధరకి కొనాలి. 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌లో ఒక్క సీడీ కొంటే మిగతా కంప్యూటర్లలో స్పాన్ (కలిసి ఆడటానికే పనికొచ్చే ఉచిత కాపీ) ఇన్‌స్టాల్ చేసి ఇంట్లోవాళ్లు కలిసి ఆడేవాళ్లు. 2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ 2లో లాన్ ఆటే (ఇంట్లో కంప్యూటర్లని నేరుగా కలిపి ఆడటం) తీసేశారు. ఒకే ఇంట్లో రెండో కాపీ సగం ధరకి ఇస్తే కొనేవాళ్లు సంతోషంగా కొంటారు. అది దాదాపు ఎవరూ ఇవ్వకపోవడం అన్యాయం.

అందాకా గేమ్‌ని చూసి కొనండి. 2021లో వచ్చిన ఇట్ టేక్స్ టూకి ఒక కాపీ చాలు, రెండోవారు ఫ్రెండ్స్ పాస్ ఉచితంగా దింపుకుంటారు. స్టార్‌డ్యూ వ్యాలీలో ఒకే పీసీ మీద స్ప్లిట్ స్క్రీన్ (తెర రెండుగా చీల్చి ఇద్దరూ ఆడటం) ఉంది. ఒకరికి కీబోర్డు, ఇంకొకరికి కంట్రోలర్ ఉండాలి, పొలంలో రెండోవారికి కేబిన్ కట్టించాలి. అదే గేమ్ రెండు పీసీల మీద ఆడాలంటే రెండు కాపీలు తప్పవు. స్టోర్ పేజీలో కుడివైపు ఫ్యామిలీ షేరింగ్ అని ఉందో లేదో కూడా చూసుకోండి. వేరే కంపెనీ ఖాతా అడిగే కొన్ని గేమ్‌లకి అది ఉండదు.

రెండో పీసీకి గేమ్ మళ్లీ నెట్ నుంచి దింపక్కర్లేదు. సెట్టింగ్స్, డౌన్‌లోడ్స్‌లో లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఉంది. రెండు ఖాతాలూ స్టీమ్‌లో ఫ్రెండ్స్ అయితే రెండు పీసీల్లోనూ ఫ్రెండ్స్‌కి అనుమతి ఇవ్వండి. ఇంత చేసినా మెల్లగా వస్తోందంటే ముందు రౌటర్ పోర్టులు చూడండి. 100 ఎంబీపీఎస్ పోర్టు అయితే సెకనుకి 11, 12 ఎంబీ మించదు, 80 జీబీ గేమ్‌కి దాదాపు రెండు గంటలు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టుకి డిస్కు కూడా తోడొస్తే అదే పావుగంటలోపు అయిపోతుంది. రౌటర్ మార్చక్కర్లేదు, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో ఐదు పోర్టుల గిగాబిట్ స్విచ్ (పీసీలని కలిపే చిన్న పెట్టె), రెండు క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుళ్లు తెచ్చుకుని రెండు పీసీలనీ దానికే తగిలించండి.

రెండో కాపీ కొనక తప్పకపోతే సేల్‌లోనే కొనండి, ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి ఆడి చూడండి. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల ఆట దాటకముందే అడిగితే డబ్బు వెనక్కిస్తారు.