ఫజీ లాజిక్ రైస్ కుక్కర్, మధ్యలో ముల్లా సద్రా

మూడు నెలలు వాడాక రాస్తున్నాను. పాత కుక్కర్‌కి తెలిసింది ఒక్కటే, నీళ్లు ఇంకిపోయి గిన్నె అడుగు 100 డిగ్రీలు దాటగానే టక్కుమని మీట పైకి లేస్తుంది, అంతే. ఈ ఫజీ లాజిక్ కుక్కర్ అలా కాదు. "కొంచెం వేడి", "బాగా వేడి" లాంటి మాటల్ని 0కీ 1కీ మధ్య అంకెలుగా మార్చుకుని, దాన్నిబట్టి వేడిని పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. సోనా మసూరి పాత బియ్యం పొడిపొడిగా వచ్చింది, కొత్త బియ్యం కూడా ముద్ద కాలేదు. కానీ 50 నిమిషాలు! ఆకలేసినప్పుడు నరకం.

ఈ లెక్క కనిపెట్టిన లోత్ఫీ జాదే 1921లో బాకూలో పుట్టి, టెహ్రాన్‌లో చదువుకుని, 1965లో అమెరికాలోని బర్కిలీలో ఉండగా ఫజీ సెట్ల (ఒక వస్తువు ఎంత పాలు చెందుతుందో 0కీ 1కీ మధ్య చెప్పే గుంపుల) మీద వ్యాసం రాశాడు. ఇరాన్ అనగానే నాకు ముల్లా సద్రా గుర్తొచ్చాడు. 17వ శతాబ్దపు ఆ షిరాజ్ తత్వవేత్త తష్కీక్ అంటాడు. ఉనికి అన్నిటిలోనూ ఒకటే, పాళ్లే వేరు, సూర్యుడిదీ దీపానిదీ వెలుగే అయినట్టు. అంతకు ముందే సూఫీ ఆలోచనాపరుడు ఇబ్న్ అరబీ, కుర్రవాడిగా ఉన్నప్పుడు స్పెయిన్‌లోని కార్డోబాలో తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ అడిగినదానికి ముందు "అవును" అని, వెంటనే "కాదు" అన్నానని రాసుకున్నాడు. అన్నం ఉడికిందా అని 20వ నిమిషంలో అడిగితే నా కుక్కర్ చెప్పేదీ ఇదే.

అయితే జాదే చెప్పిందీ సద్రా చెప్పిందీ ఒకటే అంటే మాత్రం ఒప్పుకోను. జాదే పాళ్లు మన మాటలవి. 'వేడి' అనే మాటకి అంచు లేదు గానీ గిన్నెలో ఉష్ణోగ్రతకి ఉంది. సద్రా మాటల సంగతి చెప్పడం లేదు, ఉండటంలోనే ఎక్కువ తక్కువలున్నాయంటున్నాడు. పైగా ఫజీలో 1 దగ్గర గోడ కట్టేశారు, సద్రా చెప్పే ఉనికి మెట్ల పైన ఉన్నది దేవుడు, అక్కడ ఏ అంకె వేస్తాం? ఈ తేడా వదిలేసి "మావాళ్లు ఎప్పుడో చెప్పారు" అనడం, మన వేదాల్లో విమానాలు వెతికినట్టే.

సరే, కుక్కర్. మూతలో ఆవిరి వాల్వు వారానికోసారి కడక్కపోతే గంజి వాసన. బటన్లలో గంజికి ఉంది, బ్రౌన్ రైస్‌కి ఉంది, పులిహోరకి లేదు. నీళ్లు ఒక గీత తక్కువ పోసి లాగిస్తున్నాను.