గుద్దిన బండి దొరికితే ఒక దారి, దొరక్కపోతే మరో దారి

రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా సాగే 16వ నంబరు హైవే మీద లారీ గుద్ది ఆగకుండా పోతే, ఇంటివాళ్లు "ఇంకెవర్ని అడుగుతాం?" అని కూలబడిపోతారు. అడగొచ్చు. కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న హిట్ అండ్ రన్ పథకం ఇలాంటివాళ్ల కోసమే. మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. కోర్టు మెట్లెక్కక్కర్లేదు. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలతో రెవెన్యూ అధికారికి దరఖాస్తు ఇవ్వాలి.

బండి నంబరు తెలిస్తే మాత్రం శ్రీకాకుళంలో మోటారు ప్రమాదాల ట్రిబ్యునలే మేలు. అక్కడ చనిపోయిన మనిషి వయసు, సంపాదన, ఆధారపడ్డవాళ్లు, అన్నీ లెక్కలోకి వస్తాయి. అందువల్ల పరిహారం చాలా ఎక్కువ రావచ్చు. తప్పెవరిదని రుజువు చేయకపోయినా మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు అడగొచ్చు. కానీ వాయిదాల టెన్షన్ తప్పదు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు కేసు వేయాలని ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది కాబట్టి, పెద్దకర్మ అయ్యాక చూద్దామని నెలలు గడపకండి.

పథకం డబ్బు తీసుకున్నాక బండి దొరికినా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, ముందు తీసుకున్నది మినహాయిస్తారు. నన్నడిగితే, నంబరు తెలియనప్పుడు ముందు పథకానికే దరఖాస్తు పెట్టండి.