ఊదుడు మిషన్: ఒక టెంట్‌హౌస్ ఓనర్ రివ్యూ

నాకు హనుమకొండలో టెంట్‌హౌస్ ఉంది. రెండు టాటా ఏస్‌లు, ఒక డీసీఎం వ్యాను, ముగ్గురు డ్రైవర్లు, సీజన్‌ను బట్టి ఎనిమిది నుంచి పదిహేను మంది లోడింగ్ పిల్లలు. ఈ రివ్యూ ఊదితే ఎంత తాగామో చెప్పే, జేబులో పట్టే బ్రీత్ అనలైజర్ గురించి. మా దగ్గర ఎవరూ ఆ పేరు అనరు, ఊదుడు మిషన్ అంటారు. పద్నాలుగు నెలల్లో రెండు కొన్నాను. మొదటిది 1,100 రూపాయలు, దండగ. రెండోది 7,800, ఇంకా నడుస్తోంది. కంపెనీల పేర్లు రాయను. మొదటిదాని మీద కోపం ఇంకా చల్లారలేదు, పేరు రాస్తే మాటలు అదుపు తప్పుతాయి.

టెంట్‌హౌస్ వాడికి ఇదెందుకు అని మా బామ్మర్ది కూడా అడిగాడు. పెళ్లి పనిలో మందు మనం కొనకుండానే వస్తుంది. పర్కాల వైపు ఒక ఊళ్లో రిసెప్షన్. రాత్రి పదకొండున్నరకు సామాను విప్పడం మొదలుపెట్టారు. ఇంటివాళ్లు మంచివాళ్లు. "పొద్దుగాలటి నుంచి కష్టపడ్డరు, తినకుండ ఎట్ల పోతరు" అని మటన్ ప్లేట్లు పెట్టారు, పక్కనే ఒక సీసా కూడా పెట్టారు. వద్దంటే వాళ్లకు బాధ, తాగితే మాకు ముప్పు. చిన్న డ్రైవర్ వాళ్లను బాధపెట్టలేదు.

రాత్రి ఒంటిగంట దాటాక ఫోన్. "సేటూ, ఊదుమన్నరు. డెబ్బై ఎనిమిది వచ్చింది."

డెబ్బై ఎనిమిది అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 78 మిల్లీగ్రాముల ఆల్కహాల్. చట్టం ఒప్పుకునేది 30 వరకే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం మొదటిసారి దొరికితే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రెండోసారి అయితే రెండేళ్లు, 15,000. ఇవి 2019 సవరణ తర్వాతి లెక్కలు, అంతకుముందు మొదటిసారి జరిమానా రెండు వేలే ఉండేది. హెల్మెట్ చలాన్ లాగా ఫోన్లో కట్టేసి మర్చిపోయేది కాదు, కోర్టు మెట్లు ఎక్కాల్సిందే.

బామ్మర్ది బండి మీద వెళ్లాను. చౌరస్తాలో బారికేడ్లు, పక్కన మా ఏస్, దాని మీద మండపం స్తంభాలు, ఇంకా వాడిపోని బంతిపూల దండలు. మావాడు ఫుట్‌పాత్ మీద తల వంచుకుని కూర్చున్నాడు. బండి నాకిస్తారా అని పోలీసులను అడిగితే లైసెన్స్ చూపించమన్నారు. చూపించాను. "మీరు కూడా ఊదండి" అన్నారు. అదృష్టం, ఆ రోజు శనివారం. శనివారం నేను ముట్టను. సున్నా వచ్చింది. సంతకం పెట్టించుకుని తాళం చేతిలో పెట్టారు. ఎవరూ గద్దించలేదు, పైసలు అడగలేదు, అది రాయడం న్యాయం. మా కుర్చీలు కిరాయికి తీసుకునే ఒక వకీలు సార్ తర్వాత చెప్పారు: డ్రంకెన్ డ్రైవ్ పేరుతో బండిని పట్టి పెట్టుకోకూడదు, పక్కన తాగని మనిషి లైసెన్స్‌తో ఉంటే అప్పగించాలి, లేకపోతే సొంతవాళ్లను పిలిపించాలి అని 2021లోనే తెలంగాణ హైకోర్టు చెప్పిందట. ఈ సంగతి తెలియని బండి ఓనర్లు మా లైన్‌లో ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

తర్వాత పోలీసుల కౌన్సెలింగ్. ఇంట్లోవాళ్లను తీసుకుని రావాలి అన్నారు. మావాడి భార్య చంటిపిల్లను ఎత్తుకుని వచ్చింది. యాక్సిడెంట్ల వీడియోలు చూపించారు, మావాడు నేల చూపులు చూశాడు. అంతా అయ్యాక ఆ అమ్మాయి సార్‌ను అడిగింది: "గీ మిషన్ బయట దొరుకుతదా సార్?" గదిలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో వెతికి ఆర్డర్ పెట్టాను.

మొదటి మిషన్ సంగతి తొందరగా చెప్పేస్తాను. లోపల సెమీకండక్టర్ సెన్సర్ ఉంటుంది. చౌక మిషన్లు దాదాపు అన్నీ అవే. అది ఆల్కహాల్‌కే కాదు, వేరే ఆవిర్లకు కూడా ఉలిక్కిపడుతుంది. ఒకే మనిషి పది నిమిషాల్లో మూడుసార్లు ఊదితే మూడు రకాల అంకెలు వచ్చాయి. నేను పొద్దున మౌత్‌వాష్ పుక్కిలించి ఊదితే నన్ను తాగుబోతును చేసింది.

అన్నిటికంటే ప్రమాదం దాని బటన్. ఒక నొక్కు నొక్కితే లీటరుకు గ్రాముల్లో చూపిస్తుంది, ఇంకో నొక్కు నొక్కితే శాతంలో. చట్టం చెప్పే 30 ఒక లెక్కలో 0.3, ఇంకో లెక్కలో 0.03. నేను గోడ మీద "0.3 దాటితే తాళం లేదు" అని రాసి పెట్టాను. ఒకరోజు బటన్ ఎవరి వేలికో తగిలింది. డ్రైవర్ ఊదితే 0.06 వచ్చింది. "ఎక్కడి 0.3, ఎక్కడి 0.06" అని ఖుషీగా బండి తీసుకుని పోయాడు. నిజానికి అది 60, లిమిట్‌కు రెండింతలు. నాకు సాయంత్రం తెలిసింది. ఆ సాయంత్రమే మిషన్‌ను పాత సీరియల్ బల్బుల డబ్బాలో పడేశాను. ఇంకా అక్కడే ఉంది.

రెండోది ఫ్యూయల్ సెల్ సెన్సర్‌ది. ఊపిరిలో ఆల్కహాల్ ఉంటే ప్లాటినం పూత మీద రసాయన చర్య జరిగి చిన్న కరెంటు పుడుతుంది, ఆ కరెంటును కొలిచి అంకె చెబుతుంది. పోలీసుల చేతుల్లో ఉండేవి ఈ రకమే. దీన్ని మిల్లీగ్రాముల్లో ఒక్కసారి పెట్టాను, మళ్లీ ఆ సెట్టింగ్ ముట్టలేదు. మధ్యలో ఊపిరి ఆపితే ఒప్పుకోదు, మళ్లీ ఊదమంటుంది. ఈ ఒక్క గుణానికే సగం డబ్బులు ఇవ్వొచ్చు, ఎందుకంటే మా పిల్లలు పెదవులు బిగించి బుగ్గలతో ఊదడంలో పీహెచ్‌డీ చేశారు.

వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. తాగిన వెంటనే ఊదితే నోట్లో మిగిలిన మందు వాసనకే రెండొందలు దాటి చూపిస్తుంది. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి, నీళ్లతో పుక్కిలించి ఊదాలి. అలాగని తాగిన అరగంటకు వచ్చిన అంకెను చూసి "బాగానే ఉన్నా" అని బండెక్కకూడదు. కడుపులో ఉన్నది ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. దావత్ దగ్గర 22 వచ్చినవాడికి ఇల్లు చేరేసరికి 45 ఉండొచ్చు. ఇక రోడ్డు మీద "నా మిషన్‌లో తక్కువే వచ్చింది సార్" అంటే ఎవరూ వినరు. వాళ్ల మిషన్ చెప్పిందే లెక్క.

మా దగ్గర అందరి నోటా ఉండే మాట "ఒక్క పెగ్గే కదా." ఆ 60 ఎంఎల్ పెగ్గులో సుమారు ఇరవై గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. డెబ్బై కిలోల మనిషికి అది 40 దాకా తీసుకుపోగలదు. అంటే ఒక్క పెగ్గుకే గీత దాటొచ్చు. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి తాగితే అలాంటి రెండు పెగ్గులతో సమానం. "కల్లు మందు కాదు సేటూ, చెట్టు పాలు" అని ఒక లోడింగ్ పిల్లాడు వాదించాడు. సాయంత్రం పులిసిన తాటికల్లు రెండు సీసాలు తాగి వచ్చి ఊదాడు. 48. మిషన్ పాడైందని అన్నాడు. నేను ఊదితే సున్నా. నేను తాగలేదు కాబట్టి మిషన్ నన్ను చూసి భయపడిందన్నాడు.

ఇంతవరకు నేను ఏ పని కోసం కొన్నానో ఆ పని. అసలు పని వేరేచోట బయటపడింది.

మా పెద్ద డ్రైవర్‌ను నేను కాకా అంటాను. ఇరవై ఏళ్లుగా మా దగ్గరే. ఒక్క కేసు లేదు. బండి షెడ్డులో పెట్టి, ఇంటికి నడుచుకుంటూ వెళ్లి తాగే మనిషి, రోడ్డు మీద ఎప్పుడూ తాగి కనిపించలేదు. ములుగు వైపు పొద్దున తొమ్మిది గంటల ముహూర్తం ఉంది. ఐదున్నరకు లోడు కట్టారు, పైన ఆరుగురు పిల్లలు కూర్చున్నారు. అందరూ ఊదుతున్నారని మర్యాదకు కాకాకు కూడా ఇచ్చాను. 64 వచ్చింది.

"రాత్రి తాగింది రాత్రే పాయె" అన్నాడు. ముందు రోజు అల్లుడు వచ్చాడట, పన్నెండున్నర దాకా కూర్చున్నారట. పది నిమిషాల తర్వాత మళ్లీ ఊదాడు. 62. మనిషి మాట తడబడలేదు, చేయి వణకలేదు, స్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చాడు. శరీరం గంటకు సుమారు పదిహేను మిల్లీగ్రాముల చొప్పునే దించుతుంది. క్వార్టర్ సీసా మొత్తం, అంటే మూడు పెగ్గులు తాగితే 125 దాకా ఎక్కుతుంది, 30 కిందికి రావడానికి ఆరు గంటలు దాటుతుంది, పూర్తిగా పోవడానికి ఎనిమిది గంటల పైనే. చాయ్, నిమ్మరసం, మజ్జిగ, తలస్నానం ఏవీ దాన్ని తొందరపెట్టవు.

ఇరవై ఏళ్లలో ఇలాంటి పొద్దులు ఎన్ని అయ్యాయో, పైన ఎంతమంది పిల్లలు కూర్చున్నారో లెక్క వేసుకుంటే నాకు ఆ రోజు టిఫిన్ దిగలేదు. బండి నేనే నడిపాను.

తనిఖీల మీద నాకున్న ఫిర్యాదు కూడా అక్కడే. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా, అవే చోట్లు. వాట్సాప్ గ్రూపుల్లో "ఊదుడు నడుస్తుంది, గల్లీలకెళ్లి రండి" అని ముందే వస్తుంది. గల్లీలో తాగి పోయేవాడు ఇంకా ప్రమాదం. పొద్దున ఐదున్నరకు పాలబండ్లు, కూరగాయల ఆటోలు, స్కూలు బస్సులు, మా లాంటి వాళ్ల ట్రాలీలు రోడ్డెక్కుతాయి. ఆ టైంలో నన్ను గానీ నా డ్రైవర్లను గానీ ఎవరూ ఊదమన్నది లేదు. వారానికి ఒక్క పొద్దున పెడితే చాలు, కాకా లాంటి పెద్దమనుషులు బోలెడుమంది బయటపడతారు.

మిషన్ కొన్నంత మాత్రాన అయిపోలేదు. మొదట్లో 30 దాటితే ఆ రోజు కూలి కట్ అన్నాను. వారంలోనే దొంగదారి కనిపెట్టారు. గోడ అవతల నుంచి డ్రైవర్ బదులు లోడింగ్ పిల్లాడు ఊదడం మొదలైంది. దొరికాక కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పుడు కూలి కట్ లేదు. దాటినవాడు ఆ పూట లోడు పని చేస్తాడు, బండి వేరేవాళ్లు నడుపుతారు. కాకా నెల రోజులు అలిగాడు. ఇప్పుడు తెల్లారి ముహూర్తం ఉందంటే ముందు రోజు అల్లుడికి ఫోన్ చేసి రావద్దంటున్నాడట, వాళ్ల ఇంట్లో నా మీద కోపంగా ఉన్నారు.

ఇన్సూరెన్స్ మాట కూడా చెప్పాలి. తాగి నడిపితే సొంత బండి డ్యామేజీకి పైసా రాదని పాలసీ కాగితంలోనే ఉంటుంది. నా డీసీఎం రిపేరు బిల్లు ముందు ఈ 7,800 ఎంత?

లోపాలున్నాయి. చలికాలం పొద్దున మిషన్ వేడెక్కడానికి నిమిషం పైనే తీసుకుంటుంది, బయట ఇంజన్ ఆన్ చేసి అందరూ నన్నే చూస్తుంటారు. ఊదే పైపులు విడిగా కొనాలి, మనిషికొకటి మార్చకపోతే రోత. స్క్రీన్ మీద అంకెలు చిన్నవి, నాకు కళ్లద్దాలు కావాలి. ఆరు నెలలకోసారి క్యాలిబ్రేషన్ చేయించకపోతే అంకె మెల్లగా పక్కకు జరుగుతుంది. దానికి కొరియర్లో హైదరాబాద్ పంపాలి, 1,200 రూపాయలు, పది రోజులు పడుతుంది. ఇవన్నీ కలిపి ఐదుకు నాలుగు ఇస్తాను.

ఈసారి క్యాలిబ్రేషన్‌కు మూఢంలో పంపిస్తాను. అప్పుడు ముహూర్తాలుండవు, బండ్లు షెడ్డులోనే ఉంటాయి.