హైస్కూల్ కోచా, కాలేజీ కోచా: టాడ్ డాడ్జ్ రెండూ చూశాడు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోచ్‌కి డబ్బు, టీవీ, పేరు హైస్కూల్ కంటే ఎక్కువగా ఉండేది కాలేజీలోనే. 1980ల్లో టెక్సాస్ యూనివర్సిటీకి క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడిగా) ఆడిన టాడ్ డాడ్జ్ ముందు హైస్కూల్ కోచ్‌గానే పేరు తెచ్చుకున్నాడు. టెక్సాస్‌లోనే సౌత్‌లేక్ కారల్ అనే హైస్కూల్ జట్టుకు ఏడేళ్లలో నాలుగు రాష్ట్ర టైటిళ్లు అందించాడు. ఆ ఊపులో 2007లో నార్త్ టెక్సాస్ యూనివర్సిటీకి వెళ్తే 6 గెలుపులు, 37 ఓటములు! 2010 సీజన్ మధ్యలోనే తీసేశారు.

మనిషి అతనే, ఆట అదే. తేడా పిల్లలు వచ్చే దారిలో ఉంది. కాలేజీ కోచ్ ఊరూరా తిరిగి ఆటగాళ్లను ఒప్పించి తెచ్చుకోవాలి. పెద్ద యూనివర్సిటీలు ఏరుకోగా మిగిలినవాళ్లే నార్త్ టెక్సాస్ లాంటి చిన్న జట్లకు దక్కేది. హైస్కూల్‌కి ఆ చుట్టుపక్కల పిల్లలే వస్తారు. మిడిల్ స్కూల్ నుంచే తన పద్ధతి అలవాటు చేయొచ్చు. నేర్పడమే ప్రాణమైన కోచ్‌కి, నా దృష్టిలో, హైస్కూలే మేలు.

2014లో డాడ్జ్ ఆస్టిన్ దగ్గర వెస్ట్‌లేక్ హైస్కూల్‌లో కోచ్‌గా చేరాడు. 2019, 2020, 2021 టైటిళ్లు వరుసగా వాళ్లవే. 2020 సీజన్ ఫైనల్లో ఎదురైంది పాత జట్టు సౌత్‌లేక్ కారలే, దాని కోచ్ సొంత కొడుకు రైలీ. తండ్రి 52-34తో గెలిచాడు.