నలభై రోజుల్లో ఖురాన్ చదివిస్తామనే ఆన్‌లైన్ క్లాసుకు డబ్బు కట్టబోతున్నారా? కాస్త ఆగండి

పిల్లలకు నలభై రోజుల్లో ఖురాన్ చదవడం నేర్పిస్తామనీ, ఇంట్లో ఎవరికీ ఉర్దూ రాకపోయినా తెలుగు చదవడం వస్తే చాలనీ చెప్పే ఆ ప్రకటన ఈపాటికి మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది కనుక, అది ఎవరిదో నేను వేరే చెప్పనక్కరలేదు. రెండో తరగతి చదువుతున్న మా పాప కోసం 4,800 రూపాయలు కట్టాం. బడి వ్యాను ఇంటికి చేరేసరికి మసీదులో అసర్ (సాయంత్రపు నమాజు) తరువాత జరిగే మక్తబ్, అంటే పిల్లల ఖురాన్ బడి, అయిపోతుంది, అందుకే ఆన్‌లైన్ మేలనుకున్నాం. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్న శ్రీకాకుళంలో కూర్చుని, పిల్లకు అలిఫ్, బే అనే అరబీ అక్షరాలు నేర్పించమని ముఖం తెలియనివాళ్ళకు ఫోనులో డబ్బు పంపిన నా తెలివికి ఎవరైనా శాలువా కప్పాలి.

పార్సిల్‌లో వచ్చిన పుస్తకం పేరుకు ఖాయిదాయే (అరబీ అక్షరాలు నేర్పే మొదటి పుస్తకం) గాని, అందులో తెలుగు అక్షరాలు బొద్దుగా, అరబీ అక్షరాలు వాటి పైన చీమల బారులా ఉన్నాయి. అరబీలో వేరువేరుగా పలికే సే, సీన్, స్వాద్ అక్షరాలు మూడింటికీ తెలుగు లిపిలో ‘స’ ఒక్కటే గతి. జాల్, జే, జ్వాద్, జోయ్ నాలుగింటికీ ‘జ’ ఒక్కటే. ఖురాన్‌లో మొదటి సూరా (అధ్యాయం) అయిన ఫాతిహానే తీసుకోండి. ఉన్నవి ఏడు ఆయతులే (వాక్యాలే) అయినా, ‘నస్తయీన్’లోని సీన్‌నూ ‘సిరాత్’లోని స్వాద్‌నూ, ‘అల్లజీన’లోని జాల్‌నూ ‘మగ్జూబ్’లోని జ్వాద్‌నూ, ‘అల్‌హమ్దు’లో గొంతు మధ్యనుంచి రావలసిన పెద్ద హేనూ ‘ఇహ్దినా’లో గొంతు అడుగునుంచి రావలసిన చిన్న హేనూ ఆ పుస్తకం ఒకే గాటన కట్టేసింది.

మామూలుగా మక్తబ్‌లో నూరానీ ఖాయిదా పట్టించినప్పుడు ముందు విడి అక్షరాలు, తరువాత కలిపి రాసే అక్షరాలు, ఆపైన జబర్, జేర్, పేష్, తన్వీన్, జజమ్, తష్దీద్ అనే పలుకు గుర్తులు హిజ్జే చేయిస్తూ (అక్షరం అక్షరం కూడబలికిస్తూ) ఓపికగా చెబుతారు. ఐన్ అనే ఒకే అక్షరం మాట మొదట ఒక రూపంలో, మధ్యలో మరొక రూపంలో, చివర ఇంకొక రూపంలో కనిపిస్తుంది కనుక పిల్లలు తడబడేది అక్కడే. ఈ పుస్తకంలో ఆ పాఠమే లేదు. అక్షరాల పట్టిక అయిన మరు పేజీలోనే సూరాలు, వాటి కింద తెలుగు. కొన్ని వారాల తరువాత నేను ఖురాన్ తెరిచి మీమ్ ఎక్కడుందో చూపించమంటే, పాప వేలిని పంక్తి కిందికి జరిపి, ‘అమ్మీ, దీనికి తెలుగేది?’ అని అడిగింది.

దీనిని మించినది వారి ‘లైవ్’ క్లాసు. తెర మీద ఒక ఉస్తాద్ కనిపిస్తారు, ఒక అక్షరం పలుకుతారు, కాసేపు ఆగుతారు, పాప తిరిగి పలకగానే ‘మాషా అల్లాహ్, చాలా బాగా చదివావు’ అంటారు. ఒకనాడు పాప మధ్యలో లేచి నీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఖాళీ కుర్చీ ఎదుట ఉస్తాద్‌గారు ఐన్ పలికి, ఆగి, చిరునవ్వుతో ‘మాషా అల్లాహ్, చాలా బాగా చదివావు’ అన్నారు. మా కుర్చీకి మఖ్రజ్ (అక్షరం నోట పుట్టవలసిన చోటు) అంత చక్కగా కుదిరిందని అప్పటివరకు నాకు తెలియదు. సే పలికేటప్పుడు నాలుక కొస పై పళ్ళ అంచుకు తగులుతోందో లేదో ఎదురుగా చూసి దిద్దేవారు లేకపోతే, తప్పు పలుకే పిల్లల నోట స్థిరపడిపోతుంది. తరువాత దానిని మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

వెంటనే ఫోను చేశాను. డబ్బు కట్టకముందు ‘అక్కా, అక్కా’ అంటూ గంటల తరబడి మాట్లాడిన కుర్రవాడే ఎత్తాడు గాని, గొంతు మారిపోయింది. ‘డబ్బు సంగతి ఆడవాళ్ళతో మాట్లాడమండీ, మీవారికి ఇవ్వండి’ అన్నాడు. పంపినది కూడా ఆడమనిషే కదా, అప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకని అడిగితే నవ్వాడు. ‘మీ వైపు తెలుగు ముస్లింలకు అలిఫ్ కూడా రాదు, పాప తప్పు చదివిందని మీకెలా తెలిసింది? ఉర్దూ రాని ఇంట్లో పిల్లలకు ఇంతకన్నా రాదు’ అన్నాడు. ఫోను స్పీకరు మీద ఉంది, పాప ఆ ఖాయిదాను ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే కూర్చుని ఉంది. మా పేటలో ఖురాన్ నేర్పే ఆపా దగ్గర దాని ముప్పై పారాలూ (భాగాలూ) చదివి ఖతమ్ (పూర్తి) చేసినదాన్ని నేను. నా పలుకులో ఉన్న లోపాలు పాపకు రాకూడదనే మరొకరి చేతిలో పెట్టాలనుకున్నాను. పైగా ఉర్దూలో సే, సీన్, స్వాద్ మూడింటినీ మాటల్లో ఒకేలా పలుకుతారు కనుక, ఉర్దూ ఇళ్ళ పిల్లలైనా అరబీ పలుకును మొదటినుంచి నేర్చుకోవలసిందే. ఇదంతా చెప్పేలోగానే అతడు ఫోను పెట్టేశాడు, సాయంత్రానికి వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశారు. 4,800 పోవడం ఒక ఎత్తు, ఆ రాత్రి ‘అమ్మీ, మనకి రాదా?’ అని పాప అడగడం ఒక ఎత్తు.

ఎవరైనా ఇటువంటి క్లాసుకు కట్టబోతే, ముందు ఒక రోజు చూపించమని అడిగి, పిల్లల చేత కావాలనే తప్పు చదివించి ఉస్తాద్ ఆపుతారో లేదో గమనించండి. మొత్తం డబ్బు ఒకేసారి పంపకండి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. దానితో పని కాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవారు ఎక్కడివారైనా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. ఇదే కోర్సుకు ఇప్పటికే కట్టినవారు రసీదునూ చాట్‌నూ చెరపకుండా ఉంచుకోండి.